మూడో కణుపు

పుష్పవల్లి ఎవరినీ నమ్మదు. ఇది ఆమె వెనకాల గుసగుసగా చెప్పుకునే మాట కాదు. మొహం మీదే అనేవాళ్ళు. ఆమె కూడా "అవును, నమ్మను, అయితే ఏంది?" అనేది. మద్రాసు వాషర్‌మెన్‌పేట్ బజారులో ఎవరైనా ఆమె గంపలోంచి మెంతికూర కట్ట తీసి తిప్పి చూస్తే, ఆమె వాళ్ళ చేతిని తిప్పి చూసేది, రెండో కట్ట ఏమైనా నొక్కేశారేమోనని. రైల్లో పక్కన కూర్చున్న మనిషి ఆవులిస్తే గంప దగ్గరికి లాక్కునేది. ఆవులించినవాడు దొంగ అని కాదు, దొంగ కాదని చెప్పేవాళ్ళు ఎవరున్నారు అని ఆమె లెక్క.

ఆమె మొగుడు ఆనందన్ ఎన్నూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నవ్వుతూ ఉండే మనిషి. "మా ఇంటామెకి సూర్యుడు తూర్పున లేచినా అనుమానమే. ఈడే ఎందుకు లేచినాడు, ఆడేమన్నా దాచిపెట్టినాడా అని పోయి చూసొస్తాది" అని జతగాళ్ళతో అనేవాడు.

ఊరికే రాలేదు ఆ బుద్ధి. పుష్పవల్లికి పదేళ్ళప్పుడు ఇద్దరు మనుషులు కాగితం పట్టుకుని ఇంటికొచ్చారు. ఊరికి రోడ్డు వేయిస్తాం, అందరూ వేలిముద్ర వేస్తున్నారు, నువ్వూ వెయ్యి పెద్దాయనా అన్నారు. వాళ్ళ నాయన మజ్జిగ ఇచ్చి మరీ వేలిముద్ర వేశాడు. రోడ్డు రాలేదు, అర ఎకరా పోయింది. ఆ సిరా మరక ఆయన బొటనవేలి మీద రెండు రోజులుంది. ఆయన దాన్ని కొబ్బరి పీచుతో రుద్దుతూ అరుగు మీద కూర్చోవడం ఆ పిల్ల చూసింది. ఇక ఆమె ఎవరిని నమ్ముతుంది చెప్పండి?

ఎన్నూరు దాటి ఇంకా ఉత్తరంగా పోతే, సముద్రానికి మైలు దూరంలో ఇసకమిట్ట అనే పల్లె. బస్సు బోర్డు మీద తమిళంలో మణల్‌మేడు అని రాసి ఉంటుంది గానీ, అక్కడున్న నలభై తెలుగు ఇళ్ళకీ అది ఇసకమిట్టే. వాళ్ళ పెద్దలు ఎప్పుడొచ్చారో, ఎందుకొచ్చారో ఎవరికీ గుర్తులేదు. పిల్లలు ఇంట్లో కూడా తమిళమే మాట్లాడతారు. పెద్దవాళ్ళు తిట్టాలంటే మాత్రం తెలుగులోకి వస్తారు. ఇది తొంభై అయిదు నాటి సంగతి. అప్పటికింకా పట్నం పేరు మద్రాసే.

అక్కడి నేలంతా ఇసుక. వరి పండదు. పండేవి ఆకుకూరలు, కాసింత వంగ, కాసింత మిరప, అంచుల్లో సవుకు అనే సరుగుడు చెట్లు. పుష్పవల్లిది మెంతికూర. వేలెడు ఎత్తున లేత కాడలతో ఇసుకలో మొలిచే చిన్న మెంతికూర, పదిహేను రోజుల పంట, పట్నంలో దానికి మంచి గిరాకీ. దానికి నీళ్ళు దొరువులోంచి తేవాలి. దొరువంటే బావి కాదు. ఇసుకలో నిలువు లోతున తవ్విన వెడల్పాటి గుంట. ఒక పక్క వాలుగా దారి ఉంటుంది. రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని దిగడం, పైపైన ముంచుకోవడం, ఎక్కివచ్చి మళ్ళ మీద చల్లుకోవడం. సముద్రం అంత దగ్గరున్నా ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఎందుకో పుష్పవల్లికి వాళ్ళ అవ్వ చెప్పింది.

"అడుగున ఉండేది సముద్రమేనే పిల్లా. దాని మింద వాననీళ్ళు, పాలమింద మీగడ మాదిరి తేలతా ఉండాయి. మీగడ తీసుకో, ఎవురూ వద్దనరు. అడుక్కి చెయ్యి పెట్టినావా, అంతా పాయె."

పుష్పవల్లి పొలానికీ మాదయ్య పొలానికీ నడిమి గట్టు మీద ఉండేది వాళ్ళ దొరువు. తాతల నాటినుంచి ఒకరోజు వీళ్ళ వంతు, ఒకరోజు వాళ్ళ వంతు. కాగితం లేదు, సాక్షి లేడు. దొరువు నడుమ ఒక లావుపాటి వెదురు గడ పాతి ఉండేది. తెల్లవారేసరికి నీళ్ళు, పైనుంచి లెక్కపెడితే, దాని మొదటి కణుపు దగ్గర ఉంటాయి. వంతు ఎవరిదైనా సరే, ముంచుతూ ముంచుతూ మూడో కణుపు బయటపడగానే కుండలు బోర్లించి ఇంటికి పోవాలి. మర్నాటికి మళ్ళీ మొదటి కణుపు దాకా ఊరతాయి. వెదురు పుచ్చితే కొత్త గడ పాతేటప్పుడు రెండిళ్ళవాళ్ళూ పక్కపక్కన నిలబడి, పాత కణుపుకీ కొత్త కణుపుకీ సరిచూసుకునేవాళ్ళు. వాళ్ళ రిజిస్ట్రారాఫీసు అదే.

వంతు తనది కాకపోయినా, పుష్పవల్లి రోజూ తెల్లారగానే దొరువులోకి దిగి, చూపుడువేలు ముంచి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. నీళ్ళల్లో చిటికెడు తేడా వచ్చినా ఆమె నాలుక పట్టేసేది. ఊళ్ళో ఎవరు కొత్తగా గుంట తవ్వుకున్నా ఆమెనే పిలిచేవాళ్ళు. మాదయ్య కూడా, "మా వదిన నాలుక ఉండగా నాకు భయమేంది" అనేవాడు. ఆమెని వదినా అని, ఆనందన్‌ని అన్నా అని పిలిచే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ.

అంతకు ముందు ఏడు ఒక కంపెనీ వచ్చి, వాగు పక్కన పొలాలు గుత్తకు తీసుకుని రొయ్యల చెరువులు తవ్వింది. రొయ్యలకు ఉత్త సముద్రం నీళ్ళు సరిపడవు, మంచినీళ్ళు కలపాలి. అందుకని చెరువుల చుట్టూ బోర్లు దించింది. పగలంతా మోటార్ల మోత ఇసకమిట్ట దాకా వినపడేది. ఆ కంపెనీ తరఫున దామోదరం అనే బ్రోకరు జీపేసుకుని తిరిగేవాడు. తెల్లచొక్కా, నుదుట విభూతి, నోట్లో తేనె. అతనికి పుష్పవల్లి పొలమూ మాదయ్య పొలమూ రెండూ కావాలి. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు, ఎందుకంటే కంపెనీ కన్ను పడింది ఆ నడిమి నీళ్ళ మీద.

ఆ ఏడు ఎండలు ముదిరాక ఒకనాటి పొద్దున పుష్పవల్లి దొరువులోకి దిగితే నీళ్ళు రెండో కణుపు దగ్గరున్నాయి. తన వంతు రోజు. నిన్న మాదయ్య వంతు.

ఆమె వెదురు గడ పట్టుకుని ఊపి చూసింది, ఎవరైనా పీకి పైకి జరిపి పాతారేమోనని. జరగలేదు. అంటే నిన్న మాదయ్య మూడో కణుపు దాటి ముంచాడు. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రమే మాదయ్య గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో నలిపాడు.

"వదినా, నీళ్ళు సరింగా ఊరడం లే. వానలు పడేదాంకా దొరువుకి రెస్ట్ ఇద్దామా? నేనూ ముంచను, నువ్వూ ముంచొద్దు."

"నా మెంతికూర ఏం తాగుతాది మాదయ్యా? నీ మాటలు తాగుతాదా?"

"ఒక కారు పంట పోతే పోయింది వదినా. దొరువు పోతే తిరిగి రాదు గదా."

"నీకు పోతే పోయిందేమో. నాకు పోకూడదు" అని ఆమె కుండలు తీసుకుని విసవిసా వెళ్ళిపోయింది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని మొగుడితో అంది: "ఉన్నట్టుండి ఈ మాట ఎందుకన్నాడు చెప్పు? ఇద్దరం ముంచకపోతే అది పాడుపడిన దొరువు. పాడుపడిన దొరువని చూపించి ఎవుడన్నా కాగితం రాయించుకోవచ్చు. మా నాయన దగ్గర రోడ్డని చెప్పలా?"

"అమ్మా తల్లీ," అన్నాడు ఆనందన్, "మాదయ్య అట్లాంటోడా? చిన్నప్పటినుంచి చూస్తా ఉండావు. పోయి అడగరాదా?"

"అడిగితే దొంగ చెప్తాడా?"

"చెప్పకపోతే అప్పుడు అనుమానపడు. పొయ్యిమీద కూడు వేగిరం దించినట్టు అనుమానం కూడా ముందే దించేస్తావు నువ్వు" అని అతను చెయ్యి కడుక్కున్నాడు.

అడగలేదు. అక్కడే ఉంది తప్పంతా. అడగకుండా చూడటం మొదలుపెట్టింది. చూస్తే కనిపించకుండా పోతుందా? ఒకటొకటే కనిపించాయి.

మాదయ్య వంగమొక్కలు వాడిపోతున్నాయి. నీళ్ళు పెట్టడం లేదు. వంతు రోజున దొరువులోంచి ముంచింది తన మొక్కలకే పొయ్యకపోతే, ఎవరికి పోస్తున్నట్టు? దొరువుకి వెనక సవుకు తోపు పక్కన ఇసుకలో టైరు గుర్తులు కనిపించాయి. వెడల్పాటి టైర్లు, ఎడ్లబండివి కావు. ట్యాంకరు లారీలు పల్లెల్లో నీళ్ళు కొనుక్కుని పట్నానికి తోలుకుపోయే రోజులవి. ఆమె ఒంగి ఆ గుర్తుల్ని జానతో కొలిచింది. జానతో కొలిస్తే లారీయో జీపో ఎలా తెలుస్తుందో ఆమెకే తెలియాలి. మొత్తానికి లారీ అనే తేల్చింది.

పైగా మాదయ్య రోజూ ఏడు గంటల బస్సుకి పట్నం పోతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మోకాళ్ళ దాకా ఇసుకతో తప్ప కనపడని మనిషి, ఇస్త్రీ చొక్కా తొడిగి, చంకలో గుడ్డసంచి పెట్టుకుని, తల దువ్వుకుని పోతున్నాడు. ఎండిపోయిన తోటవాడికి ఇస్త్రీ చొక్కా ఎక్కడినుంచి వస్తుంది? కంపెనీ అడ్వాన్సు ఇచ్చిందన్నమాట. ఒకసారి బస్టాపులో పుష్పవల్లి ఎదురుపడి "ఎందాక మాదయ్యా?" అని అడిగింది. అతను చూపు తప్పించి, "ఊరికే వదినా, వేల ఉంది" అని, పని అనే మాటని కూడా తమిళంలో చెప్పి బస్సెక్కేశాడు. చూపు తప్పించాడు, చూశారా? ఆమె చూసింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒక మంగళవారం వాషర్‌మెన్‌పేట్ స్టేషను బయట టీ అంగడి బెంచీ మీద మాదయ్యా దామోదరమూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. దామోదరం మాదయ్య మోకాలి మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. మాదయ్య టీ గ్లాసులోకి చూస్తున్నాడు. పుష్పవల్లి తల మీద గంపతో రోడ్డుకి ఇవతల నిలబడిపోయింది. ఒక సైకిలు రిక్షావాడు బెల్లు కొట్టి, తిట్టి, చుట్టు తిరిగి పోయాడు. ఆమెకి వినపడలేదు. ఆ చెయ్యి వేసిన తీరు, ఆనాడు కాగితం పట్టుకొచ్చి వాళ్ళ నాయన భుజం మీద చెయ్యి వేసిన మనిషి తీరులాగే ఉంది.

రెండు నిముషాలు నిలబడి ఉంటే ఆ బెంచీ మీద ఏం జరిగిందో చూసేదే. నిలబడలేదు. ఒళ్ళు మండిపోయి బజారులోకి నడిచింది. ఆ రోజు ఒక ముసలావిడ మెంతికూర ముదురేమో అని అడిగిన పాపానికి, పాపం, నాలుగు తరాలకు సరిపడా తిట్లు తిని పోయింది.

ఆ వారంలోనే దామోదరం జీపు పుష్పవల్లి ఇంటి ముందు ఆగింది.

"పుష్పవల్లమ్మా, బాగుండారా? మాదయ్య సరి అనేసినాడు. మీరొక్కరే బాకీ. సంతకం మీ ఇష్టం అమ్మా, నేను బలవంతం చెయ్యను. ఒక్కటి చూసుకోండి. ఆయన వైపునుంచి కంపెనీ మోటారు పెట్టేస్తే, మీ వైపు మీకు ఏం మిగులుతాది?"

పుష్పవల్లి చీపురు తీసుకుని వాకిలి చిమ్మడం మొదలుపెట్టింది, సరిగ్గా అతను నిలబడ్డచోట. దామోదరం నవ్వుకుంటూ జీపెక్కాడు.

అతని మాట ఆమె నమ్మిందా? నమ్మలేదు. దామోదరం ఈరోజు ఆదివారం అంటే క్యాలెండరు చూసుకునే రకం ఆమె. కానీ తను ముందే అనుకున్న దానికి సరిపోయే అబద్ధాన్ని ఎంత అనుమానం మనిషైనా సోదా చెయ్యకుండా ఇంట్లోకి రానిస్తుంది. "ఏమోలే" అనుకుంది. ఆ ఏమోలే చాలు.

తెల్లవారుజామున ఒకటి రెండుసార్లు, తన వంతు రోజుల్లోనే, మాదయ్య దొరువు గట్టు మీద నిలబడి కనిపించాడు. వంగి వెదురు గడని చూసేవాడు. గుంట చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. ఈమె అడుగుల చప్పుడు వినగానే, "ఏం లే వదినా" అని తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. నీళ్ళేమో రెండో కణుపుకీ మూడో కణుపుకీ మధ్యకి దిగిపోయాయి. ఇంకా తియ్యగానే ఉన్నాయి. అంత లోతున ఉన్నా ఆ పైపొర తియ్యగానే ఉంది. పుష్పవల్లి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుని, ఇంకెన్నాళ్ళో అనుకునేది. ఆమె భయమంతా ఆ తీపి గురించే. ఆ నీళ్ళు పోతే మెంతికూర లేదు, గంప లేదు, ఆ ఇసుక మీద ఆమె ఉండి చేసేదేమీ లేదు.

అలా ఉండగా ఒకరోజు మూడో కణుపు బయటపడినా ఆమె కుండలు బోర్లించలేదు. ఇంకో పది కుండలు ముంచింది. పుట్టి అంతవరకూ చెయ్యని పని. "వాడు దాటలా? నేనూ దాటతా" అని గట్టిగానే అనుకుంది. రోజూ పోయే మనిషి, మర్నాడు మాత్రం నీళ్ళు ఎంత ఊరాయో చూడటానికి మనసొప్పక పోలేదు. ఆ తరవాత వంతుకి ఇంకో ఇరవై కుండలు ముంచింది.

శనివారం ఆమె పక్కూరికి వెళ్ళి బాలసుందరం దగ్గర కిరసనాయిలు ఇంజను బాడుగకు మాట్లాడింది. మాదయ్య సంతకం పెట్టి కంపెనీ మోటారు దిగేలోపల, ఉన్న నీళ్ళన్నీ తన మళ్ళకి పెట్టేసుకోవాలని, ఒక పంటన్నా చేతికి దక్కించుకోవాలని ఆమె ఆలోచన. బాలసుందరం ఇంజను ఎడ్లబండి మీద వేసుకొచ్చి, గుంట చూసి గతుక్కుమన్నాడు.

"దొరువులోనా అమ్మా? ఇది కుండలతో ముంచుకునేది. ఇంజను పైప్ అడుక్కి పోతాది. వద్దులేమ్మా, చెప్తే వినండి."

"నేను ఇంజనుకి బాడుగ ఇస్తా ఉండా. నీ బుద్ధికి కాదు."

ఆ రోజు మాదయ్య వంతు. అతను ఇస్త్రీ చొక్కాతో ఏడు గంటల బస్సెక్కడం ఆమె కళ్ళారా చూసే ఇంజను వేయించింది.

రెండు గంటలు దడదడలాడింది ఇంజను. ముందు పుష్పవల్లి పైపు మూతి దగ్గర వేలు పెట్టి నాలుక మీద వేసుకుంది. తియ్యగా ఉంది. మళ్ళన్నీ నిండుతుంటే కడుపు నిండినట్టుంది ఆమెకి. పార పట్టుకుని ఈ మడికీ ఆ మడికీ పరుగెత్తింది. మూడో కణుపు దాటింది, నాలుగు దాటింది, అయిదో కణుపు ఎప్పుడు బయటపడిందో ఆమె చూడలేదు. చివరికి పైపు ఇసుకనీ గాలినీ పీల్చి గర్రుమంది. బాలసుందరం ఇంజను ఆపి, బండికెక్కించుకుని పోయాడు. ఆ ఆఖరి నీళ్ళని ఆమె రుచి చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చూసే మనిషి, ఆరోజు చూడలేదు.

ఆదివారం ఆమె దొరువు వైపు పోలేదు. సోమవారానికి మెంతి ఆకుల అంచులు కాలినట్టు ముడుచుకున్నాయి. పుష్పవల్లి దొరువులోకి దిగి వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. వేసుకోగానే ఉమ్మేసింది. ఉప్పు. చిటికెడు కాదు, సముద్రమే.

అప్పుడు ఆమెకి ఏమనిపించి ఉండాలి? ఇంజను వేసింది తనేనని తెలీదా? తెలుసు. తెలిసిన సంగతిని మనసులో ఒక మూలకి తోసేసి, దాని మీద గోనెపట్టా కప్పింది. రెండు గంటల ఇంజనుకే దొరువు చస్తుందా? అంతకుముందు రెండు నెలలుగా వాడు లారీలకు తోడిపోస్తే చావక ఏమౌతుంది? చెంబు నిండా ఆ ఉప్పునీళ్ళు పట్టుకుని, కొంగు నడుముకి బిగించి, సాయంత్రం మాదయ్య ఇంటికి నడిచింది. నడిచే దారంతా తిడుతూనే ఉంది. వాకిళ్ళల్లో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

వాకిట్లో మాదయ్య పెళ్ళాం పంకజం బియ్యం చెరుగుతోంది.

"ఏడే నీ మొగుడు? పిలువు. ఈ నీళ్ళు తాగమను. లారీలకి తోడి, కంపెనీకి అమ్మి, దొరువు గొంతు కోసినాడే! తాతలనాటి సొత్తు! ఇస్త్రీ చొక్కా వేసుకోని తిరగతా ఉండాడు, సిగ్గు లేదు?"

పంకజం చేట పక్కన పెట్టింది. ఆమె మంచి నోరుగల మనిషే. పుష్పవల్లి తిట్లకి సమానంగా తిట్టగలదు. ఆ రోజు తిట్టలేదు. లేచి, పుష్పవల్లి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. కంచె కర్రలకి నాలుగు కుండలు బోర్లించి ఉన్నాయి. ఒక్కో కుండ మూతికీ కంచెకీ మధ్య సాలెగూడు. ఒక కుండ మీద ఎప్పటిదో కాకి రెట్ట ఎండిపోయి ఉంది.

"చూడక్కా. ఆరోజు నీ దగ్గరికి వచ్చి చెప్పి పోయినాడు చూడు, ఆనాటినుంచి మేము చెంబుడు ముంచలే. నీళ్ళు లాగేది ఆ రొయ్యల బోర్లు గదా. నువ్వు విననంటివి. సరి, వదిననన్నా ముంచుకోనీ, మన వంతు దొరువుకి వదిలేద్దాం, ఒకరన్నా ఆపితే బతుకుతాదేమో అన్నాడు. తోట ఎండిపాయె. తినేదానికి ఏముంది? పట్నంలో, వ్యాసర్పాడి గోడౌన్‌లో మూటలు మోస్తా ఉండాడు. రైతు మూటలు మోస్తా ఉండాడని ఊళ్ళో తెలిస్తే తల కొట్టేసినట్టుంటాదని ఇస్త్రీ చొక్కా. ఆ చొక్కా ఆడికి పోయి విప్పి, సంచిలో పెట్టుకుంటాడు."

పుష్పవల్లి ఒక సాలెగూడు మీద వేలు పెట్టి చూసింది. "దామోదరంతో టీ తాగతా ఉంటే నా కండ్లతో చూసినా" అంది.

"పట్టుకున్నాడు వాడు స్టేషన్లో. మీ వదిన సంతకం పెట్టేసింది, నువ్వూ పెట్టెయ్ అన్నాడంట. ఈయన నవ్వినాడంట. మా వదిన దేవుడొచ్చి అడిగినా సంతకం పెట్టదు, నువ్వెంత, పో పో అని, టీ ఆడనే పెట్టేసి వచ్చేసినాడు. ఇంటికొచ్చి నాకు చెప్పి మళ్ళీ నవ్వినాడు."

అంతలో మాదయ్యే వచ్చాడు. జరిగింది విని, పుష్పవల్లి చేతిలోని చెంబు అందుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పక్కకి తిరిగి ఉమ్మాడు. సంచి పంకజం చేతికిచ్చి దొరువు వైపు నడిచాడు. సంచి మూతిలోంచి మూటలు లాగే ఇనపకొక్కెం కొన బయటికి కనిపిస్తోంది. ఆడవాళ్ళిద్దరూ వెనకాలే వెళ్ళారు.

వెలుతురు ఇంకా ఉంది. నీళ్ళ మీద కిరసనాయిలు మరక రంగురంగులుగా తిరుగుతోంది. గుంట అంచున ఇంజను దిమ్మ దిగిన గుర్తు, ఎడ్లబండి చక్రాల గాడి. మాదయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"సవుకు తోపు పక్కన దామోదరం జీపు నిలిపి కొలతలు తీసుకుంటా ఉండినాడు వదినా. అప్పటినుంచి నాకు దిగులు. కంపెనీవాళ్ళు ఎప్పుడన్నా ఈడ ఇంజను దించేస్తారేమోనని తెల్లారితే వచ్చి చూసి పోతా ఉంటి. దించేసినారు చూడు. శనివారం తెల్లారి నేను చూసినప్పుడు బాగానే ఉండింది, ఆ తరవాత రాలేకపోతి. ఎవురన్నా వచ్చినారా? నువ్వు చూసినావా?"

చూశావా అని ఆమెనే అడిగాడు. ఊళ్ళో ఎవరి కంటా పడనిది ఆమె కంట పడుతుందని అతని నమ్మకం.

అవునని ఒక్కమాట అంటే చాలు. కంపెనీ మీదికి తోసేయవచ్చు, దామోదరం మీదికి తోసేయవచ్చు, అందరూ నమ్ముతారు, మాదయ్య అందరికన్నా ముందు నమ్ముతాడు. పుష్పవల్లి వెదురు గడ వైపు చూసింది. అయిదు కణుపులూ బయటే ఉన్నాయి. ఆమె పుట్టాక ఆ అయిదో కణుపు చూడటం అదే మొదలు. నీళ్ళల్లో నాని నాని నల్లగా ఉంది.

"నేనే మాదయ్యా" అంది.

మాదయ్యకి అర్థం కాలేదు. "ఏం నువ్వే?"

"ఇంజను. బాలసుందరంది. నేనే పెట్టిస్తి. నీ వంతు రోజున."

పంకజం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాదయ్య వెదురు గడ వైపు తిరిగాడు. అరిస్తే బాగుండును, నాలుగు తిడితే బాగుండును అని పుష్పవల్లి ఎదురుచూసింది. అతను లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆడనుంచి వస్తుందని కాపలా కాస్తి వదినా. మన గట్టు మీంచే వస్తుందనుకోలే" అన్నాడు.

ఆ మాట పడి, ఆ నలభై ఇళ్ళ మధ్య తల ఎత్తుకుని తిరగని మొదటి రోజు పుష్పవల్లికి అది. మెంతికూర మళ్ళన్నీ వారంలో తెల్లగా ఎండిపోయాయి. దామోదరం వాసన పట్టి మళ్ళీ జీపేసుకొచ్చాడు. ఉప్పుపట్టిన నేల ఇంకెందుకమ్మా అన్నాడు. ఈసారి చీపురుతో పనిలేకపోయింది. మాదయ్య వచ్చి ఆమె పక్కన నిలబడి, "వదిన పెట్టదు. నేనూ పెట్టను. పో" అన్నాడు. అంతకుమించి అతను ఆమెతో ఆ ఏడాది పది మాటలు మాట్లాడి ఉండడు. వ్యాసర్పాడికి పోతూనే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా లేకుండా. ఊరికంతా తెలిసిపోయింది కదా, ఇక చొక్కా ఎందుకు. పుష్పవల్లి పక్క పల్లెల్లో కూర కొనుక్కుని బజారుకి తీసుకుపోయేది. ఎవరి మడిలోదో ఎవరి నీళ్ళతో పెరిగిందో తెలియని కట్టలు అమ్ముతుంటే ఆమెకి నోరు పెగిలేది కాదు. ముదురేమో అని ఎవరైనా అడిగితే, "ఏమో తల్లీ, చూసి తీసుకో" అనేది.

కార్తీకంలో వానలు పడ్డాయి. రెండిళ్ళవాళ్ళూ మాట్లాడుకోకుండానే, చుట్టుపక్కల పారే నీళ్ళు దొరువులోకి దిగేట్టు ఇసుకలో కాలవలు లాగారు. ఆ ఏడు రుచి తిరగలేదు. మరుసటి ఏడు రొయ్యలకు ఏదో రోగం తగిలి చెరువులు ఎండబెట్టేశారు, కంపెనీ బోర్ల మోత ఆగింది, దామోదరం జీపు ఇంకో తీరానికి పోయింది. ఆ ఏటి వానలకి నీళ్ళు మొదటి కణుపు దాకా వచ్చి నిలబడ్డాయి.

ఒక పొద్దున మాదయ్య గట్టు మీదికొచ్చేసరికి పుష్పవల్లి దొరువు వాలులో నీళ్ళ అంచున నిలబడి ఉంది. వేలు ముంచలేదు. ఎంతసేపటినుంచి అలా నిలబడి ఉందో, కాళ్ళ చుట్టూ ఇసుక దిగబడి ఉంది.

"చూసినావా వదినా?" అన్నాడు.

"నువ్వు చూడు" అంది. "నాకు తియ్యంగుందనిపిస్తాది. అనిపించేదాన్ని నేను నమ్మను."

మాదయ్య దిగి వచ్చాడు. దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని, అటూ ఇటూ పుక్కిలించి, కళ్ళు మూసుకున్నాడు. ఆమె అతని మొహమే చూస్తూ నిలబడింది.

"ఇంకా కాలే వదినా" అన్నాడు. "కొంచిం ఉంది ఉప్పు. వచ్చే వానలకి చూద్దాం."

పుష్పవల్లి తల ఊపింది. నీళ్ళు అంత దగ్గర ఉన్నా వేలు ముంచి సరిచూసుకోలేదు. కుండలు రెండూ వాలు మీద బోర్లించి, ఇంటికి నడిచింది.